పార్ట్స్ వాషర్‌లో ఏం పోస్తున్నారు? డీజిల్ ఖర్చు తట్టుకోలేకపోతున్నా

గేర్‌బాక్స్_గోపి
విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు. లారీల గేర్‌బాక్సులు, హబ్బులు, క్రౌన్ (వెనక ఇరుసులో ఉండే పెద్ద గేరు) పని. నేను, ఇద్దరు మెకానిక్‌లు, ఒక హెల్పర్ కుర్రాడు. ఇన్నాళ్లూ నూనె డబ్బా నిలువునా కోసి, అందులో డీజిల్ పోసి బ్రష్షుతో కడిగేవాళ్లం. జిడ్డు మొండికేస్తే కాస్త పెట్రోలు కలిపేవాళ్లం. పోయిన నెల మొదటిసారి లెక్క రాశా. ఒక్క కడగడానికే 45 లీటర్ల డీజిల్, 10 లీటర్ల పెట్రోలు. డీజిల్ 97, పెట్రోలు 109 చొప్పున 5,455 రూపాయలు. చూసి నీరసం వచ్చింది.

ఇప్పుడు పాత 200 లీటర్ల డ్రమ్ముని సగానికి కోయించి, పైన స్టీలు సింకు బిగించి, అడుగున కూలర్ పంపు పెట్టి సొంతంగా పార్ట్స్ వాషర్ చేశా. 40 లీటర్లు పడుతుంది. ఇందులో డీజిల్ కంటే చవగ్గా ఏం పోయొచ్చు? టర్పెంటైన్ అని ఒకరు, థిన్నర్ అని ఒకరు, సర్ఫు నీళ్లు చాలని ఇంకొకరు. వాడినవాళ్లు చెప్పండి. వీడియోలు చూసి చెప్పేవాళ్లు దయచేసి ఆగండి.

రెంచి_రాంబాబు
కిరసనాయిలు. మా నాన్న అదే వాడాడు, నేనూ అదే వాడుతున్నా. ఇంక చర్చ అనవసరం.

పాత_బనీను
కిరసనాయిలు ఇప్పుడెక్కడ దొరుకుతోంది బాబాయ్? రేషన్ షాపులో నీలం రంగుది పోయించుకునే రోజులు పోయాయి. మా వీధిలో పెయింటు కొట్టువాడు తెల్లది సీసాల్లో పెట్టి సెంటు రేటుకి అమ్ముతున్నాడు.

రెంచి_రాంబాబు
మాకు దొరుకుతుంది. ఎక్కడో చెప్పను.

బుల్లెట్_సుబ్బు
నాది టూవీలర్ పని. కార్బురేటర్లకి పెట్రోలే. చిన్న గిన్నెలో వంద మిల్లీ పోసి ముంచుతా, అయిపోయాక కస్టమర్ ట్యాంకులోనే పోసేస్తా.

పాత_బనీను
సుబ్బన్నా, నీ దగ్గర సర్వీసు చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఈ పోస్టు చదువుతున్నారేమో చూసుకో.

బుల్లెట్_సుబ్బు
వడగట్టే పోస్తాలే.

గుంటూరు_మేస్త్రి
గోపీ, నువ్వు పెట్రోలు కలుపుతున్నామన్నావు కాబట్టి ఇది చెప్పాలి. మా షెడ్డులో జరిగింది. ట్రేలో పెట్రోలు పోసి సింక్రో రింగులు నానబెట్టాం. మధ్యాహ్నం, గాలి ఆడట్లేదు. అవతలి బేలో గ్రైండర్ పెట్టి ఒకడు బ్రాకెట్ అరగదీస్తున్నాడు, మధ్యలో లారీ కింద గుంట. ట్రేకి, గ్రైండర్‌కి ఎంత లేదన్నా పన్నెండు అడుగుల దూరం. నిప్పురవ్వలు ట్రే దాకా రానేలేదు. గుంటలో పడ్డాయి. ముందు గుంటలోంచి ‘బుస్’మని ఒక శబ్దం, ఆ తర్వాత మంట నేల మీద పాక్కుంటూ ట్రే దగ్గరికి వచ్చింది. అది పాకడం నేను కళ్లారా చూశా. ట్రే పక్కన కూచున్న కుర్రాడికి మోచేతి వరకు కాలింది. ఇసుక బకెట్ ఉంది కాబట్టి లారీ మిగిలింది.

తర్వాత అర్థమైంది, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువట. పైకి పోదు, నీళ్లలా పల్లానికి పారుతుంది. మేమేమో గుంట తవ్వి పెట్టుకున్నాం. ఆరోజు నుంచి మా షెడ్డులో కడగడానికి పెట్రోలు చుక్క లేదు.

గేర్‌బాక్స్_గోపి
మేస్త్రీ, మాకూ గుంట ఉంది. చదువుతుంటే చెమటలు పట్టాయి. కానీ మేం ఒక విడతకి కలిపేది పది లీటర్ల డీజిల్లో ఒక్క లీటరేగా, అంత ప్రమాదమా?

కెమిస్ట్రీ_టీచరమ్మ
నేను మెకానిక్‌ని కాదు, ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతా. కానీ మా నాన్నగారిది గాజువాకలో షెడ్డు, నేను పెరిగింది ఆ జిడ్డులోనే. అందుకని రాస్తున్నా.

ఒక ద్రవం మీద నిప్పు పెడితే అంటుకునేంత ఆవిరి ఏ వేడి దగ్గర లేస్తుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటాం. పెట్రోలుకి అది సున్నాకి కింద 40 డిగ్రీల చుట్టూ. అంటే మన దగ్గర పెట్రోలు ఎప్పుడూ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. కిరోసిన్‌కి మన దేశ ప్రమాణం కనీసం 35 డిగ్రీలు. డీజిల్‌కీ కనీసం 35 అనే ఉన్నా మామూలుగా బంకులో దొరికేది అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది. పెయింటు షాపుల్లో టర్పెంటైన్ పేరుతో అమ్మేది చాలావరకు మినరల్ టర్పెంటైన్, అంటే ఎంటీవో. అదీ ఇంచుమించు కిరోసిన్ లాంటిదే, 30 నుంచి 40 మధ్య.

పది లీటర్ల డీజిల్లో ఒక లీటరు పెట్రోలు పోస్తే ఫ్లాష్ పాయింట్ పదో వంతు తగ్గదు గోపిగారూ. ఆవిరయ్యేది ముందు పెట్రోలే కాబట్టి మొత్తం మిశ్రమం పెట్రోలులాగే అంటుకుంటుంది. పది లీటర్ల డీజిల్‌ని పదకొండు లీటర్ల ప్రమాదంగా మార్చుకుంటున్నారు.

ఇంకొకటి. బయటి దేశాల వీడియోల్లో కిరోసిన్ సేఫ్ అంటారు. వాళ్ల షెడ్డు 20 డిగ్రీలు. మే నెలలో విజయవాడ 44 డిగ్రీలు, పైన రేకులు. ఆ రోజున కిరోసిన్, ఎంటీవో రెండూ ఫ్లాష్ పాయింట్ దాటేసి ఉంటాయి. డిసెంబరులో సేఫ్ అయింది మేలో సేఫ్ కాదు.

రెంచి_రాంబాబు
నలభై ఏళ్లుగా కిరసనాయిలు వాడుతున్నాం మేడం, ఏమీ కాలేదు.

కెమిస్ట్రీ_టీచరమ్మ
మంచిదండీ. మా నాన్నగారూ ఇదే మాట ముప్పై తొమ్మిదేళ్లు అన్నారు.

పాత_బనీను
😂😂 రాంబాబు బాబాయ్, కూచో.

మిచిగన్_మూర్తి
డెట్రాయిట్ దగ్గర గ్యారేజీలో పదేళ్లుగా చేస్తున్నా. ఇక్కడ పార్ట్స్ వాషర్ అంటే మినరల్ స్పిరిట్స్, మీ ఎంటీవో లాంటిదే. సర్వీసు కంపెనీవాడు నెలనెలా వచ్చి పాతది తీసుకెళ్లి కొత్తది పోసిపోతాడు, మనం అద్దె కడితే చాలు. మూతకి ఒక చిన్న లోహపు ముక్క ఉంటుంది. మంట లేస్తే అది కరిగి మూత దానంతటదే పడిపోతుంది. గోపీ, నీ డ్రమ్ముకి మూత ఉందా?

గేర్‌బాక్స్_గోపి
లేదన్నా. నెలనెలా వచ్చి పోసే కంపెనీ కూడా లేదు. నెలనెలా వచ్చేది షెడ్డు అద్దె అడిగే ఓనరే.

మిచిగన్_మూర్తి
అయితే ముందు మూత చేయించు. అగ్గి సంగతి అలా ఉంచు, డబ్బు కోసమే చెబుతున్నా. నిలువునా కోసిన డబ్బా అంటే వెడల్పు నోరు. నువ్వు లెక్క రాసిన 10 లీటర్ల పెట్రోల్లో సగంతో నువ్వు ఏదీ కడగలేదు, ఆవిరై పోయింది. ఎంటీవో అయినా రాత్రి మూత లేకపోతే తరుగు కనబడుతుంది.

బాలానగర్_టర్నర్
మా వైపు ప్లేటింగ్ షాపుల్లో ట్రైక్లోరో వాడేవాళ్లు. దానంత బాగా జిడ్డు తీసేది నేను చూళ్లేదు. మంట కూడా అంటుకోదు. ముంచి తీస్తే అద్దం. ఎవరైనా ట్రై చేశారా?

కెమిస్ట్రీ_టీచరమ్మ
ట్రై చేయకండి. ట్రైక్లోరోఎథిలీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మొదటి గ్రూపులో పెట్టింది. పొగాకు ఉన్న గ్రూపు అది. అమెరికాలో 2024 డిసెంబరులో దాని మీద నిషేధం ప్రకటించారు. పైగా క్లోరిన్ ఉన్న సాల్వెంటుతో (జిడ్డు కరిగించే ద్రవంతో) కడిగి, సరిగా ఆరకుండా ఆ పార్టుని వెల్డింగ్‌కి పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు.

బాలానగర్_టర్నర్
అంటుకోదని సంతోషించానే.

బాలానగర్_టర్నర్
సరే, పనికొచ్చే మాట ఒకటి చెబుతా. మా టూల్‌రూముల్లో ఈడీఎం మెషీన్లకి, అంటే కరెంటు స్పార్కుతో లోహాన్ని కోసేవాటికి, స్పార్క్ ఆయిల్ వాడతారు. అది శుద్ధి చేసిన కిరోసిన్ లాంటిదే, వాసన తక్కువ, ఫ్లాష్ పాయింట్ ఎక్కువ. అలాగే డీ60, డీ80 అని సాల్వెంట్లు దొరుకుతాయి. ఆ అంకె ఇంచుమించు దాని ఫ్లాష్ పాయింట్ అనుకోవచ్చు. డీ80తో వేసవిలో కూడా భయం తక్కువ. రేటు డీజిల్ కంటే ఎక్కువే, కానీ తల తిరగదు, చేతులు డీజిల్ కంపు కొట్టవు. ఆరడం మాత్రం ఆలస్యం.

గేర్‌బాక్స్_గోపి
డ్రమ్ము కొనాలేమో? లీటర్లలో ఇస్తారా?

బాలానగర్_టర్నర్
20 లీటర్ల క్యాన్ ఇచ్చేవాళ్లున్నారు. బిల్లు అడుగుతారు, షాపు వివరాలు అడుగుతారు. పెట్రోలులో కల్తీ చేస్తున్నారని 2000లో సాల్వెంట్ల అమ్మకం మీద కేంద్రం ఆర్డరు తెచ్చింది కదా, అప్పటి నుంచి అమ్మేవాళ్లకి ఆ భయం ఉంది. ఊరూపేరూ లేనివాడు తెచ్చే లూజు సాల్వెంట్ కొనకు. అందులో ఏం కలిపాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆఫీసు_ఫైలు
దాచుకోవడానికి లైసెన్సు కావాలా అని ఎవరైనా అడిగేలోపే చెబుతున్నా. ఫ్లాష్ పాయింట్ 23 నుంచి 65 మధ్య ఉన్నవి పెట్రోలియం చట్టంలో ‘బీ’ క్లాసు. 2,500 లీటర్ల వరకు, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. పెట్రోలు ‘ఏ’ క్లాసు, అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్లే.

పాత_బనీను
ఎవరూ అడగలేదు సార్. కానీ థాంక్స్.

కడప_కరెంటు
డ్రమ్ములో కూలర్ పంపు అన్నావే, ఆ మాట ఎవరికీ కనబడలేదా? గోపీ, సాల్వెంట్‌లో కరెంటు పంపు ముంచావా?!

గేర్‌బాక్స్_గోపి
ముంచితేనే కదన్నా పైకొచ్చేది. 18 వాట్లదే.

లారీ_లక్ష్మణ్
నేను రెండేళ్లుగా డీజిల్లో కూలర్ పంపే వాడుతున్నా. ఏం కాలేదు. అనవసరంగా భయపెడతారు.

కడప_కరెంటు
లక్ష్మణ్ గారూ, మీ పంపు వైరుని ఒకసారి వంచి చూడండి.

లారీ_లక్ష్మణ్
ఇప్పుడే చూసొచ్చా. ఎండుపుల్లలా ఉంది. వంచితే పటుక్కున పగిలింది, లోపల రాగి కనబడుతోంది.

కడప_కరెంటు
అదీ సంగతి. ఆ పంపు మోటారులో బ్రష్షులుండవు, లోపల రెజిన్ పోసి మూసేస్తారు, అందుకే మోటారు దానంతట అది నిప్పు రాజేయదు. కానీ పీవీసీ వైరుని మెత్తగా ఉంచే పదార్థాన్ని సాల్వెంట్ లాగేస్తుంది. ఆ తర్వాత స్టీలు సింకు, తడి చేతులు, 230 వోల్టులు. నీళ్లకోసం చేసిన పంపుని నీళ్లకే వాడండి. సాల్వెంట్ అయితే గాలితో నడిచే పంపు పెట్టండి, షెడ్డులో కంప్రెసర్ ఎలాగూ ఉంటుంది. లేదంటే పంపే వద్దు, తొట్టి, బ్రష్షు చాలు.

లారీ_లక్ష్మణ్
పంపు తీసేశా. ఈ ఫోరంలోకి రావడమే తప్పు.

కారు_క్లినిక్_ఏలూరు
ఎవరూ చెప్పని విషయం. ఏది కడుగుతున్నామో చూసుకోండి. మా దగ్గర కొత్తగా చేరినవాడు కారు బ్రేక్ మాస్టర్ సిలిండర్ విప్పి, శుభ్రంగా ఉండాలని రబ్బర్లతో సహా డీజిల్లో కడిగాడు. బిగించాం, ట్రయల్ బాగుంది. మర్నాడు కస్టమర్ ఫోన్: పెడల్ దిగి పైకి రావట్లేదు, చక్రాలు పట్టేస్తున్నాయి. విప్పితే రబ్బరు కప్పులు వడల్లా ఉబ్బి సిలిండర్‌లో ఇరుక్కుపోయాయి. బ్రేక్ ఫ్లూయిడ్ కోసం చేసిన రబ్బరుకి పెట్రోలియం నూనె ఏది తగిలినా అంతే. బ్రేకు రబ్బర్లని బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే కడగాలి. ఖర్చు మా నెత్తినే పడింది.

గేర్‌బాక్స్_గోపి
మాది ఎయిర్ బ్రేకు కాబట్టి ఆ గొడవ కొంచెం తక్కువ. కానీ హబ్బు కడిగిన చేత్తోనే బ్రేకు లైనర్లు ముట్టుకుంటాం. ఇప్పుడు అదీ ఆలోచించాలి.

కెమిస్ట్రీ_టీచరమ్మ
స్ప్రే డబ్బాలో వచ్చే బ్రేక్ క్లీనర్ కొంటే వెనక ఏముందో చదవండి. ఎన్-హెక్సేన్ ఉన్నది మూసిన గదిలో రోజూ వాడితే నరాలు దెబ్బతింటాయి. 1999, 2000 ప్రాంతంలో కాలిఫోర్నియాలో కారు మెకానిక్‌లకి వేళ్లు తిమ్మిర్లెక్కి, పట్టు తప్పి, కారణం వెతికితే అదే తేలింది.

సర్ఫు_సత్తిబాబు
నేను వచ్చేశా. నీళ్లు చాలు అని గోపికి చెప్పినవాణ్ణి నేనే, భీమవరంలో ట్రాక్టర్ల పని. నవ్వుకున్నవాళ్లు నవ్వుకోండి.

సర్ఫు అంటే బట్టల సర్ఫు కాదు. అది పంపులో నురగ కక్కి సింకు మీద పొంగుతుంది, ఒకసారి మా షెడ్డు పెళ్లి ఊరేగింపులా తయారైంది. పార్ట్స్ కడగడానికే నురగ రాని పొడి అమ్ముతారు, క్షారం పొడి. అల్యూమినియంకి పనికొస్తుందని దాని మీద రాసి ఉండాలి, తుప్పు పట్టనివ్వని మందు కలిసి ఉండాలి. నేను 60 లీటర్ల నీళ్లకి 2 కిలోలు కలుపుతా. అసలు కిటుకు వేడి. చన్నీళ్లలో ఆ పొడి పనిచేయదని అందరూ తిడతారు. 60 డిగ్రీలకి తెచ్చి చూడండి, గ్రీజు దానంతటదే జారిపోతుంది.

ఖర్చు: 60 లీటర్లని 30 నుంచి 60 డిగ్రీలకి తేవడానికి 2 యూనిట్ల పైన కొంచెం. యూనిట్ 10 అనుకున్నా 21 రూపాయలు. 2 కిలోవాట్ల హీటర్ కాయిల్‌తో గంట పడుతుంది. పొద్దున్నే స్విచ్ వేసి టీకి వెళ్లొస్తా.

రాత్రికి చల్లారాక నూనె అంతా పైకి తేలుతుంది. పొద్దున కాయిల్ వేసే ముందు పళ్లెంతో మీగడ తీసినట్టు తీసేస్తా. అందుకే నీళ్లు మూడు వారాలు వస్తాయి.

రెంచి_రాంబాబు
బేరింగులు, గేర్లు నీళ్లలో ముంచుతావా? తుప్పు పట్టి చావవూ?

సర్ఫు_సత్తిబాబు
పడుతుంది. శ్రావణంలో అయితే ఇనుము పావుగంటలో ఎర్రబడుతుంది. అందుకే వేడిగా ఉండగానే తీసి గాలి కొట్టి, వెంటనే డీజిల్లో కాస్త ఇంజిన్ ఆయిల్ కలిపిన బకెట్‌లో ఒక్క మునక. బేరింగులు నేనూ నీళ్లలో వేయను. హౌసింగులు, కవర్లు, ఆయిల్ ప్యాన్లు, హబ్బులు, ఇవి నీళ్లకి. చూస్తే మడ్డి ఎక్కువ ఉండేది వీటికే.

గుంటూరు_మేస్త్రి
గాలి అన్నాడు కాబట్టి ఒక మాట. కడిగిన బేరింగుకి గాలి కొట్టి గిర్రున తిప్పి ‘ఈల’ వేయించే అలవాటు కుర్రాళ్లకి ఉంటుంది. నూనె లేకుండా ఆ వేగంలో తిరిగితే లోపల బాల్స్ తిరిగే దారులు పాడవుతాయి, ఒక్కోసారి బాల్స్ ఎగిరి మొహాన తగులుతాయి. చేత్తో పట్టుకుని, తిరగనివ్వకుండా ఆరబెట్టాలి.

బుల్లెట్_సుబ్బు
ఆ ఈల కోసమే నేను మెకానిక్ అయ్యాను మేస్త్రీ.

అనంతపురం_హెడ్డు
పొడి కొనడం దేనికి, కాస్టిక్ సోడా కిలో చవక. ఇంజిన్ బ్లాకులు మేం అందులోనే ఉడకబెడతాం. పెయింటు కూడా ఊడి వస్తుంది.

సర్ఫు_సత్తిబాబు
హెడ్డుగారూ, పోత ఇనుముకి సరే. గోపి దగ్గర అల్యూమినియం హౌసింగులున్నాయి. మా ఊళ్లో ఒకాయన అల్యూమినియం కవరుని రాత్రంతా కాస్టిక్‌లో వదిలేశాడు. పొద్దున చూస్తే తొట్టి ఇంకా బుడగలు కక్కుతోంది, కవరు నల్లగా బొగ్గులా, బోల్టు రంధ్రాలు వేలు దూరేంత. ఆ బుడగలు హైడ్రోజన్. పక్కన ఎవరూ బీడీ వెలిగించలేదు కాబట్టి ఇది కథగా చెప్పుకుంటున్నాం.

అనంతపురం_హెడ్డు
అల్యూమినియం సంగతి మర్చిపోయా. మాటకి కట్టుబడి ఉన్నా, ఇనుముకి మాత్రం కాస్టిక్కే. కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకుని.

పాత_బనీను
గ్లౌజులంటే గుర్తొచ్చింది. రబ్బరు గ్లౌజులు డీజిల్లో రెండు రోజుల్లో ఉబ్బి ఏనుగు చెవుల్లా అయిపోతున్నాయి. ఏం వాడుతున్నారు?

కారు_క్లినిక్_ఏలూరు
నైట్రైల్‌వి. మామూలు రబ్బరు వద్దు. మందంగా ఉన్నవి నెల వస్తాయి.

గేర్‌బాక్స్_గోపి
మా కుర్రాడు గ్లౌజులేసుకుంటే నట్టు తెలియట్లేదంటాడు. వాడి చేతులు చూస్తే బీటలువారిన పొలంలా ఉన్నాయి. సాయంత్రం రంపప్పొట్టు, సర్ఫు కలిపి రుద్దుకుంటాడు, మొన్న అన్నంలో ఆవకాయ కలుపుతూ ‘స్’ అన్నాడు. స్పూను తెచ్చిచ్చా. వాడు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

గుంటూరు_మేస్త్రి
డీజిల్ చర్మంలో ఉన్న జిడ్డునీ లాగేస్తుంది. నట్టు విప్పేటప్పుడు వద్దులే, కడిగేటప్పుడైనా వేయించు. పని మొదలెట్టే ముందు కొబ్బరినూనె రాసుకుంటే కొంచెం నయం. పెట్రోలుతో చేతులు కడగడం మాన్పించు.

లారీ_లక్ష్మణ్
పంపు పోయిన బాధలో ఉన్నా ఒకటి చెబుతా. డీజిల్ గానీ ఎంటీవో గానీ త్వరగా నల్లబడకుండా మా మేస్త్రి నేర్పిన పద్ధతి. తొట్టి అడుగున నాలుగు అంగుళాలు నీళ్లు పోసి, పైన సాల్వెంట్ పోయాలి. నీళ్లు బరువు కాబట్టి కిందే ఉంటాయి. మట్టి, ఇనుప రజను సాల్వెంట్ దాటి నీళ్లలోకి దిగిపోతుంది, మళ్లీ పైకి కలవదు. వారానికోసారి అడుగు కుళాయి తిప్పి మురికి నీళ్లు వదిలేస్తే పైది నెలల తరబడి వస్తుంది.

మిచిగన్_మూర్తి
ఇది నిజం, ఇక్కడా పాతవాళ్లు చేస్తారు. కాకపోతే నీళ్లు కుళ్లి కంపు కొడతాయి, డ్రమ్ము అడుగు తుప్పు పడుతుంది. జాలీ బుట్ట నీళ్ల మట్టానికి పైనే ఆగాలి, పార్టు నీళ్లలో కూచోకూడదు.

ఆఫీసు_ఫైలు
‘మురికి నీళ్లు వదిలేస్తే’ అంటే ఎక్కడికి?

లారీ_లక్ష్మణ్
...

ఆఫీసు_ఫైలు
అందుకే అడిగా. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. కాలవలోకి వదిలితే బందరు కాలవ కింద ఉన్న రైతు పొలానికి పోతుంది. పాత ఇంజిన్ ఆయిల్ తీసుకెళ్లేవాణ్ణి రసీదు అడగండి. పెట్రోలు, థిన్నర్ కలిపిన మడ్డిని ఆ ఆయిల్ డ్రమ్ములో కలపకండి. వేరే డబ్బాలో మూత పెట్టి, రాసి ఉంచండి.

పాత_బనీను
ఈసారి అడగకుండా చెప్పినా బాగుంది సార్.

గుంటూరు_మేస్త్రి
అసలు ఇంతమంది ఇన్ని చెప్పారు, పుట్టీ బ్లేడు గురించి ఎవరూ చెప్పలేదు. గోపీ, హబ్బు మీద అంగుళం మందం గ్రీజు, మట్టి ఉండగానే డీజిల్లో ముంచుతారు కుర్రాళ్లు. 45 లీటర్లు కాక ఎంతవుతుంది? ముందు గీకి, కాటన్ వేస్టుతో తుడిచి, ఆ తర్వాత ముంచమను. మూడో వంతు అక్కడే మిగులుతుంది.

గేర్‌బాక్స్_గోపి
అందరివీ రాసుకున్నా. డ్రమ్ముని నీళ్లకే వాడతా, కాయిల్ పెట్టి. బేరింగులు, గేర్లకి మూతున్న చిన్న తొట్టిలో ఎంటీవో, ఎండాకాలం వచ్చేలోపు డీ80కి మారతా. చేసి చూసి మళ్లీ రాస్తా.

కడప_కరెంటు
కాయిల్ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్), డ్రమ్ముకి ఎర్తింగ్. కాయిల్ ఆన్‌లో ఉండగా నీళ్లలో చెయ్యి పెట్టొద్దని కుర్రాడికి రెండుసార్లు చెప్పు. పంపు వేడి నీళ్లలో ముంచకు, కాలిపోతుంది.

గేర్‌బాక్స్_గోపి
ఐదు వారాలైంది. లెక్క రాసి తెచ్చా.

నెలకి: డీజిల్ 10 లీటర్లు (చివరి మునకకి), 970. ఎంటీవో 20 లీటర్ల క్యాన్ మాకు లీటరు 130 పడింది, ఖర్చయింది 6 లీటర్లే, 780. పొడి 4 కిలోలు, 640. కరెంటు 25 రోజులకి 525. మొత్తం 2,915. కాయిల్, ఆర్‌సీసీబీ, మూత, రేకు పని కలిపి ఒకసారి ఖర్చు వేరే ఉంది, అది రెండు నెలల్లో తీరుతుంది.

బాగున్నవి: హౌసింగులు నిజంగానే మెరుస్తున్నాయి, ఒక లారీ ఓనరు కొత్తది వేశారా అని అడిగాడు. కుర్రాడి చేతులు తగ్గుతున్నాయి, వాడే గ్లౌజులు అడిగి వేసుకుంటున్నాడు. మేస్త్రి చెప్పిన పుట్టీ బ్లేడు అందరికంటే ఎక్కువ మిగిల్చింది.

బాగాలేనివి: మొదటి వారం ఒక క్రౌన్ నీళ్లలోంచి తీసి ఫోను మాట్లాడుతూ నిలబడ్డా. తిరిగి వచ్చేసరికి పళ్ల మీద ఎర్ర పొడ. మళ్లీ రుద్దాం. రెండు వారాలకి నీళ్లు కుళ్లు గుడ్ల కంపు. ఎంటీవో తొట్టి దగ్గర మధ్యాహ్నం పూట తల పట్టేస్తోంది, ఆ బేలో తలుపు తీసే ఉంచుతున్నాం, గ్రైండర్‌ని రోడ్డు వైపుకి మార్చా.

సర్ఫు_సత్తిబాబు
కంపు రావడమంటే ఆదివారం వేడి చేయలేదు, పైన నూనె తీయలేదు. నూనె పొర కింద గాలి తగలక కుళ్లుతాయి. శనివారం సాయంత్రం పొర తీసేసి వెళ్లు.

గేర్‌బాక్స్_గోపి
అదే జరిగింది. ఆదివారం ఆటోనగర్‌లో కాకులు కూడా పనిచేయవు.

బాలానగర్_టర్నర్
డీ80 క్యాన్ కావాలంటే ఫిబ్రవరిలోనే చెప్పు. ఎండలు ముదిరాక చెబితే లాభం లేదు.

రెంచి_రాంబాబు
గోపీ, ఆ పొడి ఏ షాపులో తెచ్చావ్? ఊరికే అడుగుతున్నా.

గేర్‌బాక్స్_గోపి
మాకు దొరుకుతుంది బాబాయ్. ఎక్కడో చెప్పను.